‘మీదే ఊరు?’ – పాత పటాలు, పాత పత్రికలు చెప్పే జవాబు

 

ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల ఎల్లలకు వెలుపల తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలన్నింటికీ తప్పని ప్రశ్న ఒకటున్నది: ‘మీరు ఎక్కడినుండి వచ్చారు?’ పిల్లవాణ్ణి బడిలో చేర్చేటప్పుడు అడుగుతారు. కుల ధ్రువపత్రానికి పోతే అడుగుతారు. తెలుగు మాధ్యమపు తరగతి మూసివేయవద్దని అర్జీ పట్టుకొని పోతే అక్కడా అడుగుతారు. దీనికి మన పెద్దలు చెప్పే జవాబు మనందరికీ తెలిసినదే. ‘రాయలవారి కాలంలో వచ్చామట. కరువులో బండ్లు కట్టుకొని వచ్చామట.’ ఈ ‘అట’ ఇంటి అరుగుమీద చెల్లుతుంది, కచేరీ బల్లమీద చెల్లదు. ‘అట’ను ‘ఇదిగో’గా మార్చుకొనడం ఎట్లా అన్నదే ఈనాటి నా ప్రసంగ విషయం. ఇరవై ఏళ్లుగా న్యాయవాదిగా కాగితాల మధ్య బ్రతుకుతున్నవాణ్ణి గనుక, కాగితాల సంగతే చెబుతాను.

ముందుగా ఒక మాట. ‘వచ్చారు’ అన్న మాటనే మనం పరీక్షించాలి. మనలో కొందరు నిజంగానే వచ్చినవారు. షోలాపూరు మగ్గాల దగ్గరకు, భివండి మరమగ్గాల దగ్గరకు, బొంబాయి కట్టడపు పనులకు తెలంగాణ పల్లెలనుండి పోయినవారున్నారు. బొంబాయిలో కామాటిపురా అన్న పేరే అట్లా పోయిన మన కామాటీలవలన వచ్చింది. కానీ మరి కొందరు ఎక్కడికీ పోలేదు. వారు ఉన్నచోటనే ఉన్నారు, జిల్లాల, రాష్ట్రాల గీతలు మారాయి.

కొన్ని తేదీలు చెబుతాను, వ్రాసుకోండి. బారామహలు 1792లోను, హోసూరు సీమ 1799లోను టిప్పు రాజ్యంనుండి కుంపిణీవారి చేతికి వచ్చి, మద్రాసు రాజధానిలోని సేలం జిల్లాలో చేరాయి. బరంపురం 1936 మార్చి 31 దాకా మద్రాసు రాజధానిలోనిది. మరునాడు ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లానుండి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, తక్కినవి మైసూరుకు పోయాయి. 1956 నవంబరు 1న హైదరాబాదు సంస్థానపు భూములు మూడు రాష్ట్రాలకు పంపకమయ్యాయి. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్‌నుండి మద్రాసు రాష్ట్రానికి పోయింది. ప్రాణహిత ఒడ్డున ఉన్న సిరొంచ 1860లో నిజాంనుండి బ్రిటిషువారి చేతికి వెళ్లి, చివరకు 1982లో గడ్చిరోలి జిల్లాలో తేలింది. యానాంలో 1954లో ఫ్రెంచివారి పాలన ముగిసింది, చట్టరీత్యా విలీనం 1962లో జరిగింది.

బరంపురంలో 1930లో పుట్టిన ఒక ముసలమ్మ ఇల్లు కదలకుండా ఆరేళ్లకే మరొక రాష్ట్రపు మనిషి అయింది. ఆమెను ‘వలస వచ్చినవారు’ అనడం న్యాయమా? అందువలన మన కుటుంబ చరిత్రలో మొదట తేల్చవలసినది ఇది: మనవాళ్లు కదిలారా, లేక గీత కదిలిందా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలవి పాత పటాలు. ఎవరు, ఎప్పుడు అన్న వాటికి జవాబు చెప్పగలవి పాత దస్త్రాలు, పాత పత్రికలు.

ఇదంతా ఎందుకు, హక్కుకోసం చరిత్ర నిరూపించాలా అని మీరు అడగవచ్చు. నిరూపించనక్కరలేదు. రాజ్యాంగంలోని 29వ అధికరణం భారతదేశంలో నివసించే పౌరులలో సొంత భాష, లిపి, సంస్కృతి గల ఏ వర్గానికైనా వాటిని కాపాడుకొనే హక్కు ఇచ్చింది. మీరు ఏ శతాబ్దిలో వచ్చారని అది అడగదు. 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించే ప్రయత్నం చేయవలెనని ప్రతి రాష్ట్రానికీ చెప్పింది. అందులోనూ తాతల లెక్క లేదు. నిన్న వచ్చిన కూలీ బిడ్డకూ, రాయలనాటి వంశపు బిడ్డకూ హక్కు ఒక్కటే. ఎవరైనా మీ భాషాహక్కుకు వంశవృక్షం అడిగితే ఈ రెండు అధికరణాలు చూపండి.

అయితే వేరే అవసరాలు ఉన్నాయి. షెడ్యూల్డు కులాల విషయంలో 1950 ఆగస్టు 10, షెడ్యూల్డు తెగల విషయంలో 1950 సెప్టెంబరు 6 – రాష్ట్రపతి ఉత్తర్వులు వెలువడిన ఆ రోజులనాటికి కుటుంబపు స్థిరనివాసం ఎక్కడ అన్నది చూస్తారు. మహారాష్ట్రలో ఇతర వెనుకబడిన వర్గాలకు 1967 అక్టోబరు 13ను, విముక్త జాతులు, సంచార తెగలకు 1961 నవంబరు 21ను గీటురాయిగా పెట్టుకొన్నారు. ఆ తేదీకి ముందటి కాగితం ఒక్కటి లేక ఎందరు పిల్లల చదువులు, కొలువులు ఆగిపోతున్నాయో మీలో చాలామందికి స్వానుభవమే. మన తాత ఆ తేదీనాటికి ఇక్కడే ఉన్నాడని మనకు తెలుసు, కాగితానికి తెలియదు. చిక్కంతా అక్కడే.

ఇక పని ఎట్లా మొదలుపెట్టాలి? ఇంటినుండి. ఇంట్లో పెద్దవయసు వారి దగ్గర కూర్చోండి. ‘మనం ఎక్కడివాళ్లం?’ అని అడిగితే కథ చెబుతారు. కథతో పాటు ఆనవాళ్లు అడగండి. ఇలవేల్పు ఎవరు, ఆ గుడి ఎక్కడ? పుట్టువెంట్రుకలు ఎక్కడ తీయించేవారు? పిల్లనిచ్చి పుచ్చుకొన్న ఊళ్లేవి? ఏ సంతకు పోయేవారు? ఎన్ని రోజులు నడిచి వచ్చారు? దారిలో ఏ నది దాటారు? తరువాత ఇంటిపేరు. తమిళనాట పుట్టిన మన పిల్లలకు ఇంటిపేరు పోయి తండ్రి పేరు పొడి అక్షరంగా మిగిలింది. తాత పెండ్లిపత్రికలోనో, పాత దస్తావేజులోనో ఇంటిపేరు దొరుకుతుంది. మన ఇంటిపేర్లు అనేకం ఊరిపేర్లే గనుక ఆ పేరు పటంలో వెదకడానికి మొదటి ఆధారం. అయితే ఒకే పేరుతో నాలుగు తాలూకాలలో నాలుగు ఊళ్లు ఉండవచ్చు. ఆ నాలుగింటిలో మనది ఏదో చెప్పేది పైన అడిగిన గుడి, నది, సంత.

పెట్టెలోని కాగితాలు చూసేటప్పుడు కాలపు లెక్క జాగ్రత్త. సంవత్సరం పేరు అరవై ఏళ్లకొకసారి తిరిగి వస్తుంది. ‘ధాత’ అంటే 1876–77 కావచ్చు, 1936–37 కావచ్చు. మద్రాసు ప్రాంతపు ఫసలీకి 590 కలిపితే ఆ జూలైలో మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ 1300 అంటే 1890 జూలై మొదలు 1891 జూన్ వరకు. స్టాంపు కాగితంమీద అమ్మినవాని పేరు, ఊరు, తేదీ వ్రాసి ఉంటాయి. లోపలి వ్రాత చెదలు తిన్నా ఆ ఒక్క పంక్తి మీకు కాలాన్ని, తాలూకాను చెబుతుంది.

ఇప్పుడు పటాల సంగతి. మన దేశంలో శాస్త్రీయమైన కొలతకు పునాది పడినది మన దక్షిణాదిలోనే. 1802లో లాంబ్టన్ మద్రాసు దగ్గర పరంగికొండ చెంత తన మూలరేఖను కొలిచాడు. మెకంజీ సర్వే చేస్తూ ఊరూరి కైఫీయతులు సేకరించినప్పుడు ఆ పనికి వెన్నెముకగా నిలిచినవారు మన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు. అయితే మన ఇంటి పనికి ఎక్కువ ఉపయోగపడేవి రెండు రకాల పటాలు. ఒకటి, మైలుకు ఒక అంగుళం చొప్పున సర్వే ఆఫ్ ఇండియావారు వేసినవి. వీటిలో ఊళ్లు, చెరువులు, గుళ్లు, బాటలు, సరిహద్దులు కనబడతాయి. రెండు, మైలుకు పదహారు అంగుళాల చొప్పున వేసిన గ్రామపటాలు. వీటిలో ప్రతి పొలం గట్టు, ప్రతి సర్వే నంబరు ఉంటుంది. పొలం కొలతల పుస్తకం, అంటే ఎఫ్.ఎం.బి., దీనికి తోడు.

పటం చదివేటప్పుడు మూడు సంగతులు మరువకండి. మొదటిది, పటానికి రెండు తేదీలుంటాయి, కొలిచిన సంవత్సరం, అచ్చువేసిన సంవత్సరం. అచ్చు తేదీనాటికి ఊరు అక్కడ ఉన్నదని పటం చెప్పినా, అది కొలిచిన నాటి స్థితి. రెండవది, జిల్లాలు పుట్టిన తేదీలు. అనంతపురం జిల్లా 1882లో బళ్లారినుండి విడివడింది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, దానిలో పెద్దభాగం అంతకుముందు ఉత్తర ఆర్కాటు. ధర్మపురి 1965లో సేలంనుండి, కృష్ణగిరి 2004లో ధర్మపురినుండి ఏర్పడ్డాయి. ఈ వరుస తెలియకపోతే ఉన్న దస్త్రాన్నే లేదనుకొంటాము. మూడవది, పటంలో ఊరు ఉంటుంది గానీ మనిషి ఉండడు. కాబట్టి పటంలోని సర్వే నంబరు పట్టుకొని సెటిల్మెంటు రిజిస్టరులోకి పోవాలి. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను వ్రాయించిన ఇనాం రిజిస్టర్లలో ఇనాందారుని పేరు, తండ్రి పేరు, భూమి విస్తీర్ణం, ఎవరిచ్చారన్న వివరాలు ఉంటాయి. నేటికీ కోర్టులు వాటికి గట్టి విలువ ఇస్తున్నాయి. మద్రాసు ప్రభుత్వపు పాత దస్త్రాలకు చెన్నై ఎగ్మూరులోని పురాభిలేఖాగారం ప్రధాన స్థానం. కోలారువారు మైసూరు సంస్థానపు దస్త్రాలకోసం బెంగుళూరు పోవాలి. యానాంవారి జనన, మరణ, వివాహ నమోదులు ఫ్రెంచి భాషలో ఉంటాయి.

ఇక పత్రికలు. పత్రికలో మన తాత పేరు ఎందుకు ఉంటుంది, ఆయనేమైనా నాయకుడా అనుకొంటారు. వార్తలలో ఉండకపోవచ్చు. ప్రకటనలలో వెదకండి. ప్రతివాదికి సమను అందనప్పుడు కోర్టువారు పత్రికలో ప్రకటన వేయిస్తారు. అందులో పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, తాలూకా అన్నీ ఉంటాయి. శిస్తు బకాయికి పొలం వేలం, దివాలా దరఖాస్తు, భూసేకరణ వంటివి జిల్లా గెజెట్లలో పడేవి. పరీక్షలలో నెగ్గినవారి పట్టికలు, చందాదారుల జాబితాలు, గ్రంథాలయ వార్షికోత్సవపు వార్తలు, ఊరి విలేఖరి లేఖలు కూడా వదలకండి.

ఏ పత్రిక? కృష్ణాపత్రిక 1902లో బందరులో మొదలయింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆంధ్రపత్రికను 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసునుండి దినపత్రికగా తెచ్చారు. ఎల్ల బయటి తెలుగువారికి ఇది గుర్తుంచుకోదగిన సంగతి. మన పెద్ద పత్రికలలో ఒకటి బొంబాయిలో పుట్టింది. నిజాం రాజ్యంనుండి పోయినవారి సంగతులకు 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు సంపాదకులుగా మొదలైన గోలకొండ పత్రిక ఉన్నది. 1936కు ముందటి సంచికలలో గంజాం జిల్లా వార్తలు చూస్తే బరంపురం మద్రాసు రాజధానిలోని జిల్లా పట్టణంగానే కనబడుతుంది. పాత సంచికలకు వేటపాలెం సారస్వత నికేతనం పెట్టింది పేరు. 1918లో స్థాపించిన ఆ గ్రంథాలయానికి పుట్టిన తేదీల రుజువుకోసం కూడా జనం పోతుంటారు. చెన్నైలో కన్నెమరా గ్రంథాలయం ఉన్నది.

ఇంగ్లీషు పత్రికలలో వెదికేవారు పాత వర్ణక్రమాలు తెలుసుకోవాలి. విజయవాడ ‘బెజవాడ’గా, విశాఖపట్నం ‘వైజాగపటం’గా ఉంటుంది. బరంపురం పేరుతో మరీ జాగ్రత్త. బెంగాలులోని ముర్షిదాబాదు జిల్లాలో కూడా ఒక బరంపురం ఉన్నది, ఇంగ్లీషు వ్రాతలో రెండూ ఒకటే. గంజాం అన్న మాట పక్కన ఉన్నదా అని చూడకుండా కాగితం జేబులో పెట్టుకోకండి.

ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో చూపడానికి ఒక కుటుంబం సంగతి చెబుతాను. ఊరు, పేరు చెప్పను. హోసూరు సీమవారు. ఇంటి పెద్దాయన ‘మేము ధాత కరువులో అనంతపురం జిల్లానుండి వచ్చాము’ అనేవాడు. ఆ కరువు 1876–78 నాటిది, అప్పటికి అనంతపురం జిల్లా లేదు. కనుక బళ్లారి జిల్లా గ్రామాల పట్టికలో ఇంటిపేరుకు సరిపోయే ఊళ్లు చూశాము. మూడు దొరికాయి. చెరువుకట్టమీద చౌడేశ్వరి గుడి ఉండేదని ఇంట్లో అవ్వలు చెప్పుకొనే మాట. మైలుకు అంగుళం పటంలో ఆ మూడింటిలో చెరువుకట్టపై గుడి గుర్తు ఉన్నది ఒక్క ఊరే. ఇంతవరకు కథ నిజమనిపించింది.

తరువాత వారి ప్రస్తుత గ్రామపు ఇనాం రిజిస్టరు తీయించాము. 1860ల నాటిది. అందులో అదే ఇంటిపేరుతో, అదే తండ్రి పేరుతో ఒక నమోదు ఉన్నది. కరువుకు పదేళ్లు ముందే వారు ఇక్కడ ఇనాందారులు! మరి కరువు కథ అబద్ధమా? రిజిస్టరులోని మనిషికీ పెద్దాయనకూ నడుమ రెండు తరాల ఖాళీ ఉన్నది, అది పూడితే గాని ఏమీ చెప్పలేము. ఆ ఖాళీని పూడ్చింది 1920ల నాటి తెలుగు దినపత్రికలోని ఒక కోర్టు ప్రకటన. అన్నదమ్ముల పంపకపు దావా. దావా నంబరు దొరికింది గనుక కోర్టులో డిక్రీ నకలుకు దరఖాస్తు పెట్టాము. డిక్రీకి జతచేసిన వంశవృక్షంలో తెలిసినదేమంటే, తండ్రివైపువారు ముందునుండీ ఇక్కడివారే. కరువులో బండి కట్టుకొని వచ్చినది పెద్దాయన నాయనమ్మ పుట్టింటివారు. ఆమెకు అన్నదమ్ములు లేరు, ఆ ఇంటి కథ ఆమెతో ఈ ఇంటికి వచ్చింది. చౌడేశ్వరి గుడి ఆమె పుట్టింటివారిది. ఇంటిపేరుకు సరిపడే ఊరు ఆ చుట్టుపక్కలనే ఉండడం కాకతాళీయం. పటం ఒక్కటే చూసి ఆగి ఉంటే, ఈ కుటుంబం తనను తానే కరువులో వచ్చినవారిగా కాగితంమీద వ్రాసిచ్చి ఉండేది.

ఈ కాగితాలకు న్యాయస్థానంలో ఎంత బలమో కూడా తెలుసుకోవాలి. 1872 నాటి సాక్ష్య చట్టం స్థానంలో 2024 జూలై 1నుండి భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చింది. పాత సూత్రాలు చాలావరకు నిలిచాయి. ముప్పై ఏళ్లు నిండిన పత్రం సరైన చోటినుండి వస్తే దాని సంతకాన్ని, వ్రాతను నిజమైనవిగా కోర్టు భావించవచ్చు. ప్రభుత్వం వేయించిన పటం సరైనదని మొదట భావిస్తారు. పత్రిక విషయంలో మాత్రం తేడా ఉన్నది. ఆ సంచిక అసలైనదేనని భావిస్తారు గానీ, అందులోని వార్త నిజమని భావించరు. 1988లో లక్ష్మీరాజ్ శెట్టి కేసులో సుప్రీంకోర్టు పత్రికా వార్తను వినికిడి సాక్ష్యంగానే చూసింది. కనుక పత్రిక మనకు దారిచూపే దీపం, గమ్యం కాదు. అందులోని దావా నంబరు, గెజెటు తేదీ పట్టుకొని అసలు దస్త్రందాకా పోవాలి, ధ్రువీకరించిన నకలు తీసుకోవాలి. సెల్‌ఫోనులో తీసిన బొమ్మ మన జ్ఞాపకానికే. ఇంకొక మాట, జనగణనలో మీ తాత ఏమని వ్రాయించాడో చూపమని దరఖాస్తు పెట్టి కాలం పోగొట్టుకోకండి. 1948 జనగణన చట్టం ప్రకారం ఇంటింటి పత్రాలు ఎవరికీ చూపరు, సాక్ష్యంగానూ తీసుకోరు. అచ్చయిన భాషా పట్టికలు మాత్రం అందరివీ. మీ జిల్లాలో తెలుగు మాట్లాడేవారి లెక్కకు అవి చాలు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఈ వెదుకులాట ‘మేము ముందు, మీరు తరువాత’ అనే పోటీకి దారితీయకూడదు. ఎల్లకు అటువైపు చిత్తూరు జిల్లాలో తమిళులున్నారు, ఆదోని, మడకశిర సీమలలో కన్నడిగులున్నారు. గీత వారినీ ఇట్లాగే అటువైపు ఉంచింది. మనకు అడిగే న్యాయం వారికీ అడగాలి. అట్లాగే దొరికిన కాగితం మన కథకు ఎదురు చెబితే కాగితాన్ని దాచకూడదు. వలస వచ్చినవారమని తేలితే అందులో చిన్నతనం లేదు. పని వెదుక్కొంటూ పోయి ఒక నగరాన్ని కట్టినవారి బిడ్డలమని చెప్పుకొనడం గౌరవమే.

చివరగా తల్లిదండ్రులకు నా విన్నపం. ఇంటింటా ఒక కాగితాల కట్ట తయారుచేయండి. పెద్దల మాటలు తేదీ వేసి వ్రాయండి, ఎవరు చెప్పారో వ్రాయండి. ప్రతి నకలు వెనుక అది ఏ కచేరీనుండి, ఏ రిజిస్టరునుండి వచ్చిందో వ్రాయండి. ఒక ప్రతి ఊరి గ్రంథాలయంలోనో, బడిలోనో ఉంచండి. అన్నిటికంటె ముఖ్యంగా పిల్లలకు తెలుగు చదవడం నేర్పండి. మాట్లాడడం ఒక్కటే చాలదు. ఆ కుటుంబం కాగితాలు నా బల్లమీద పరచినప్పుడు, చదువుకొన్న మనుమలు ముగ్గురిలో ఒక్కరూ తమ ముత్తాత తెలుగు దస్తావేజును చదవలేకపోయారు. డెబ్బై ఏళ్లు దాటిన పెద్దాయన కళ్లద్దాలు సర్దుకొని చదివి వినిపించాడు. ఆయన తరం వెళ్లిపోయాక మన పెట్టెలలోని కాగితాలు మనకే పరభాష కాకూడదు. తెలుగు బడికోసం, తెలుగు తరగతికోసం మనం చేసే పోరాటంలో ఇదీ ఒక భాగం. ఈ నెలలోనే మీ ఇంటి పెట్టె తెరవండి, పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని తెరవండి.